గేటు దగ్గరి మనిషి

పాప ఏడుపు మానేసిన రోజున ఆ ఇంట్లో అందరికీ కంటినిండా నిద్ర పట్టింది.

"బంగారుతల్లి. పేచీ నేదు, పెంకితనం నేదు," అంటూ సన్యాసమ్మ మనవరాలిని నిమిరింది.

పాదాలు చల్లగా తగిలాయి. వానాకాలం కదా అనుకుని ఇంకో దుప్పటి కప్పింది.

బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లకు వాళ్లు కొత్త. గేటు దగ్గర మళ్లీ ఆ మనిషి నిలబడింది. ఎవరో తెలియదు. రోజూ వస్తుంది, ఒకటే అడుగుతుంది.

"పిన్నీ, పాప ఏడుత్తందా?"

"మాయింట ఏడుపు ఇనాలనుందేటి నీకు?"

"పాలు తాగుతందా?"

లోపల్నుంచి కోడలు త్రివేణి గొంతు వినిపించింది. "పొద్దుట్నుంచీ రొమ్ము పట్టట్లేదత్తా."

ఆ మనిషి గేటు ఊచలు పట్టుకుంది. "ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెల్లండి. నీ కాల్లట్టుకుంతాను పిన్నీ."

"పురుడెల్లకుండా పసిదాన్ని గడప దాటించమంతావేటి? నీ కల్లు పడే పాలు మానేసింది. ఎల్లు."

తలుపు మూసి, ఉప్పూ ఎండుమిరపకాయలూ పాప చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు.

"సూసేవా, దిష్టే," అంది కోడలితో.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన అభిలాష్ కూతుర్ని ఎత్తుకున్నాడు. తలా చేతులూ వేలాడిపోయాయి. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"మా, యే ఠీక్ నహీఁ హై," అన్నాడు డ్యూటీలో అలవాటైన హిందీలో, పాపకి బాగాలేదంటూ.

చెప్పులు కూడా లేకుండా ఆస్పత్రికి పరుగెత్తాడు; అత్తాకోడళ్లు వెనకే వెళ్లారు.

డాక్టరమ్మ పరీక్షకు రక్తం తీసింది. ఫలితం కోసం ఆగకుండా నరంలోకి మందు ఎక్కించింది.

"రక్తానికి ఇన్ఫెక్షన్ పాకినట్టుంది. పాలు ఎప్పుడు మానేసింది?"

త్రివేణి అత్తగారి వైపు చూసింది. "పొద్దుట్నుంచీ," అంది.

మందు పని మొదలుపెట్టేలోగా పాప వెళ్లిపోయింది.

పరామర్శకు పొరుగింటి కూర్మారావు వచ్చినప్పుడు సన్యాసమ్మ కిటికీ దగ్గర కూలబడి ఉంది. ఎదురింటి కోడలికి కొత్తగా పురుడు. ఆ గేటు దగ్గర అదే మనిషి. పురుడు పోయడానికి ఊరినుంచి వచ్చిన దాలమ్మ చీపురు ఎత్తి ఆమెను తరుముతోంది.

"ఎవరన్నయ్యా అది?"

"రీనా. మీకన్నా ముందు ఈ క్వార్టర్లో ఉండీవోరు."

"మరి మాకు సెప్పనేదేటి?"

"నువ్వడిగేవేటి సెల్లీ?"

ఆస్పత్రికి తీసుకెళ్లకుండా పురుడు వెళ్లేదాకా ఆగి, ఇదే గదిలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆమె అని కూర్మారావు చెప్పాడు. ఆ మాట దాలమ్మకు చెప్పాల్సిన సన్యాసమ్మ మాత్రం కూర్చున్న చోటునుంచి ఇంకా లేవలేదు.