సత్ప్రసాదం తీసుకోని జసింత

“అందరు సత్ప్రసాదం తీసుకుంటుంటే నువ్వొక్కదానివే బెంచీల ఎందుకు కూసున్నవ్?”

చర్చిలో పూజ ముగిసిందో లేదో తెరేజమ్మ కూతుర్ని నిలదీసింది. నోట్లో ఫాదర్ పెట్టిన సత్ప్రసాదపు అప్పం కరిగింది గానీ కోపం కరగలేదు.

సిద్దిపేటలో డిగ్రీ చదువుతున్న జసింత తల దించుకుంది. నిజం చెబితే మర్కూక్ నుంచి తనను చూడవచ్చిన తల్లి తలెత్తుకోలేదు. చెప్పకపోతే తన చదువు నిలబడదు.

“ఏం పాపం జేసినవే? వరుసల నిలవడలేదంటే ఎవనితోనో వరుస కలిపినట్టే! హాస్టల్ బంద్, చదువు బంద్. నడువు ఇంటికి!”

గుడిలో ఉన్న తలలన్నీ ఇటు తిరిగాయి. ఫాదర్ దగ్గరికొచ్చాడు. “చెప్పు బిడ్డా.”

“తిన్న ఫాదర్. సత్ప్రసాదానికి గంట ముందు ఏం తినొద్దు గదా. గంట కాలే.”

“గంతేనా!” తెరేజమ్మ ఊపిరి పీల్చుకుంది. “పూజ అయ్యేదాక ఆగలేవా? ఏం తిన్నవే?”

“బస్టాండ్ల... నువ్వు తెచ్చిన సర్వపిండి.”

ఆ సర్వపిండిని తల్లీకూతుళ్లు చెరిసగం తిన్నారు.

“మరి నాకెందుకు జెప్పలేదే?”

“నాకు యాదికొచ్చేసరికి నువ్వు నాలుక జాపినవమ్మా.”