చెల్లెలి ఓడలో సూట్

"అక్క ఓడలో సూట్ తీసుకుంటే బాల్కనీ పెద్దది మేడమ్. చెల్లెలి ఓడలో అయితే గది పెద్దది, కిటికీ పక్కనే స్నానాల తొట్టి," అన్నాడు కిరణ్‌కుమార్.

నాగశ్రీ చేతిరుమాలుతో మెడ తుడుచుకుంది. పొద్దున్నుంచి కాలేజీలో నాలుగు క్లాసులు చెప్పి, ఎండలో ఆటో పట్టుకుని వచ్చింది. నలభై రెండేళ్లకే మోకాళ్ల నొప్పులు. కడపలోని ఈ ట్రావెల్స్ ఆఫీసు మెట్లెక్కడం ఈ నెలలో ఇది అయిదోసారి.

రెండు విహార ఓడల కంపెనీలకూ యజమాని ఒకడే. అందుకే కిరణ్‌కుమార్ వాటికి అక్క, చెల్లెలు అని పేర్లు పెట్టాడు. నాగశ్రీ, రాజశేఖర్ ఇప్పటికి నాలుగుసార్లు ఎక్కింది అక్క ఓడే. ప్రతిసారీ మామూలు గదే. వచ్చే నెల రాజశేఖర్‌కు అరవై నిండుతాయి. ఈసారైనా సూట్ తీసుకోవాలని ఆమె పట్టుబట్టింది.

"నువ్వే చూసి ఏదో ఒకటి ఖాయం చెయ్యి," అన్నాడాయన.

ఏ విషయమైనా అంతే. ఆయనది నాపరాళ్ల వ్యాపారం. సోమ, మంగళవారాలు కడపలో. మిగతా వారమంతా కర్నూలులో. ఉన్న రెండు రోజులూ ఫోను మోగుతూనే ఉంటుంది. ఇద్దరూ కలిసి ఒక సినిమాకు వెళ్లి ఎన్నేళ్లయిందో. ఎదురుచూడటం ఆమెకు అలవాటైపోయింది. ఈ మధ్య ఆ అలవాటే అలసటగా మారింది.

ఓడ మీద మాత్రం ఏడు రోజులూ ఆయన ఆమెతోనే. ఫోను మోగదు. తెలిసినవాళ్లు ఎదురుపడరు. డెక్కు మీద ఆమె చెయ్యి పట్టుకుని నడుస్తాడు. సిబ్బంది 'మిసెస్ రాజశేఖర్' అంటే ఇద్దరూ తిరిగి చూస్తారు. ఆ ఏడు రోజుల కోసమే ఏడాదంతా ఓపిక పట్టేది.

"మళ్లీ మళ్లీ ఎక్కేవాళ్లకు మర్యాదలు యాడ ఎక్కువప్పా?" అని అడిగింది.

"అక్క ఓడలో అయిదోసారికి గోల్డ్ కార్డు వస్తాది మేడమ్. క్యూలో నిలబడే పని లేదు. బట్టలు వాళ్లే ఉతికిస్తారు. ఒక పూట కెప్టెన్ పక్కన కూర్చోబెట్టి భోజనం. చెల్లెలి ఓడలో సూట్‌కు ప్రత్యేకంగా ఒక మనిషినిస్తారు. పెట్టె సర్దడం కాడ్నుంచి అన్నీ అతనే చూసుకుంటాడు."

"మేం అక్క ఓడలో తిరిగింది చెల్లెలి దగ్గర చెల్లుతుందా?"

"చెల్లుతాది. ఈ ఏడాది రెండింటి లెక్కలూ కలిపేసినారు. ఉండండి, సారు నంబరు కొట్టి చూస్తా."

కొట్టాడు. మొహం విప్పారింది.

"ఏం మేడమ్, నన్నూరికే తిప్పలు పెడతాండారు! మీకు గోల్డ్ ఎప్పుడో వచ్చేసింది. జనవరిలో చెల్లెలి ఓడ ఎక్కినారు కదా, అదే అయిదోది. ఈ సూట్‌లోనే ఉండొచ్చినారు! కర్నూలులో బుక్ చేసినట్టుండారు, మా దగ్గరికి రాకుండా."

జనవరిలో రాయి కోసే మిషన్లు చూడటానికి రాజస్థాన్ పోతున్నానన్నాడు. వారం రోజులు ఫోను కలవలేదు.

"అవునప్పా," అంది నాగశ్రీ. "మర్చిపోయినా."

"అంత దూరం పోయొచ్చి మర్చిపోతారా మేడమ్!"

"ఇంకోసారి చూపియ్యి. ఎట్లుండిందో."

అతను స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. గోడంతా అద్దం, అద్దం నిండా సముద్రం. తెల్లటి పెద్ద మంచం. తాను పడుకుని లేచిన గదిని చూస్తున్నట్టే తలూపుతూ చూసింది నాగశ్రీ.

"మీరు చెప్పిన కోరికలు కూడా ఉండాయి మేడమ్. పొద్దున ఆరుకే బాల్కనీలోకి రెండు కాఫీలు, చక్కెర లేకుండా," అని చదివి నవ్వాడు కిరణ్‌కుమార్. "సారు శానా బిరీన లేస్తారే!"

నాలుగు ప్రయాణాల్లో ఒక్కరోజు కూడా రాజశేఖర్ తొమ్మిదికి ముందు లేవలేదు. డెక్కు మీద ఆమె ఒక్కతే కాఫీ తాగేది.

ఆ వరుసకు పైన రెండు పేర్లున్నాయి. మొదటిది రాజశేఖర్. రెండోది చదివింది. కొత్త పేరు కాదు. బాగా తెలిసిన పేరే.

"ఏది ఖాయం చేద్దాం మేడమ్?"

"చెప్తాలే," అని లేచింది.

సాయంత్రం రాజశేఖర్ వచ్చాడు. ఎప్పటిలాగే మంచినీళ్లిచ్చింది. ఆయన తాగేదాకా ఆగింది.

"జనవరిలో మీరు రాజస్థాన్ పోలేదు."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఎవరు చెప్పారని అడగలేదు.

"ఓడ ఒక్కటన్నా నాదే అనుకున్నా," అంది. గొంతు పెంచడానికి కూడా ఓపిక లేదు. "అది కూడా మిగల్చలేదు కదా."

"అందుకే మన ఓడ ఎక్కలేదు నాగశ్రీ. వేరేది చూసినా."

"ఆమెకు సూట్. నాకు మామూలు గది."

ఆయన ఖాళీ గ్లాసును పక్కకు జరిపాడు.

"ఆరు గంటలకే లేసి కాఫీలు తాగినారంట ఇద్దరూ."

"ఆమె లేపింది."

"నేను లేపితే లేయరు మీరు." కుర్చీలో కూలబడింది. "నేను యాడ తక్కువ చేసినా? ఎందుకు పోయినారు ఆమెతో? ఒక్క ముక్క చెప్పండి, చాలు."

రాజశేఖర్ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. ఆయన మొహం కూడా ఆమె మొహమంత అలిసిపోయి ఉంది.

"పెండ్లయిన ముప్పై నాలుగేండ్లలో నా పెండ్లాం నోరు తెరిచి అడిగింది అదొక్కటే, నాగశ్రీ," అన్నాడు.