చప్పుడు చెప్పుకో

"ఎక్కడే ఆ మిషను?"

కోటిలింగం తన్నిన తన్నుకు బడి తలుపు గొళ్లెం ఊడి కింద పడింది. అతని చేతిలో పడవ తెడ్డు ఉంది. మూడో తరగతి పిల్లలు పలకలు పట్టుకుని గోడకు అంటుకుపోయారు.

"ఏ మిషనండీ?" హరిచందన టీచర్ సుద్దముక్క బల్ల మీద పెట్టింది.

"నా కూతురికిచ్చిన ఆట మిషను. చదువు చెప్పమని పంపిస్తే ఆటలాడిస్తారా? పైగా ఇళ్లల్లో చప్పుళ్లు పట్టుకు రమ్మంటారా? నా కొంపలో చప్పుళ్లతో మీకేం పనమ్మా?"

ఆ ఏడాది పాలెం బడికి చేతిలో ఇమిడే ఆట మిషన్లు వచ్చాయి. బటన్లు నొక్కుతూ ఆడుతుంటే ఎక్కాలు, గుణింతాలు వాటంతటవే నోటికొచ్చేస్తాయి. ఎర్ర బటను నొక్కితే చుట్టూ ఉన్న చప్పుడంతా అందులో పడుతుంది. దాంతో టీచర్ ఇంకో ఆట పెట్టింది. ఒకరు చప్పుడు తేవాలి, అది ఎవరిదో, ఎక్కడిదో మిగతావాళ్లు పలక మీద రాయాలి. ఎవరూ కనిపెట్టలేని చప్పుడు తెచ్చినవాళ్లదే గెలుపు. ఆ పిల్లలను ఓడించడం మాటలు కాదు. ఇంజను చప్పుడు వింటే చాలు, ఒడ్డున కూర్చునే ఏ బోటు ఎవరిదో చెప్పేస్తారు.

కోటిలింగం భయమూ అదే. ఆ పొద్దున పెళ్లాం దుర్గాదేవిని చావగొడుతుండగా, మూలన కూర్చున్న కూతురు కుమారి చేతిలో మిషను కనిపించింది. ఆయనేమో కులానికి పెద్ద. పెళ్లాన్ని కొట్టాడని ఎవడి మీద ఫిర్యాదొచ్చినా తీర్పు చెప్పేది ఆయనే. మొన్ననే యలమంద చేత నలుగురిలో ముక్కు నేలకు రాయించాడు. ఇప్పుడు మిషను నోరు విప్పితే రాయాల్సిన ముక్కు తనది.

"ఇటియ్యవే!"

"ఇవ్వను నాన్నా. ఇవాళ నా వంతు." కుమారి మిషనును పొట్టకు అదుముకుంది.

చెంప పేలిపోయింది. పిల్ల పెదవి చిట్లి నెత్తురు గౌను మీద పడింది. అయినా మిషను వదల్లేదు. కోటిలింగం కళ్లు మూసుకుపోయాయి. తెడ్డు పైకి లేచింది.

టీచర్ మధ్యలోకొచ్చింది. ఎంత ఎండాకాలమైనా మణికట్టుదాకా చేతులున్న జాకెట్టు వేసుకునే మనిషి. ఆ చేతి మీదే పడింది దెబ్బ. పిల్లలు కెవ్వుమన్నారు. ఆమె మాత్రం అరవలేదు. మొహం పక్కకు తిప్పుకుని, చెయ్యి అడ్డం పెట్టి, ఇంకో దెబ్బ కోసం అన్నట్టు అలాగే నిలబడింది. కోటిలింగమే ఒక్క క్షణం తడబడ్డాడు.

"పసిపిల్లండీ. చచ్చిపోతుంది" అంది నెమ్మదిగా.

"తప్పుకోండి టీచరమ్మా! మీ మీద నాకు పగ లేదు."

ఆమెను ఒక్క తోపు తోసి, కూతురి వేళ్లు విరిచినంత పని చేసి మిషను లాక్కున్నాడు. గోడకేసి కొట్టాడు. దాని మూత ఎగిరి ఎక్కడో పడింది. చచ్చిందనుకున్నాడు. అది చావలేదు సరికదా, మోగడం మొదలుపెట్టింది.

చెంప మీద దెబ్బ. ఎగిరిపడిన గిన్నె. మనిషిని గోడకేసి కొడితే వచ్చే చప్పుడు. మాటలేవీ తెలియడం లేదు. నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడుస్తున్నట్టు ఒక ఆడగొంతు.

గొడవ విని, చేపల బేసిన్లు నెత్తిన పెట్టుకుని అమ్మకానికి పోతున్న ఆడవాళ్లు కిటికీల దగ్గర మూగారు. వాళ్లలో యలమంద పెళ్లాం కూడా ఉంది. కోటిలింగం మిషనును మడమతో తొక్కాడు. ఆగలేదు. తెడ్డుతో పొడిచాడు. ఆగలేదు. సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది.

"ఔను! నేనే!" కిటికీల వైపు తిరిగి గుండెలు బాదుకుంటూ అరిచాడు. "నా పెళ్లాన్ని నేను కొట్టుకున్నాను! ఏం చేస్తారో చేసుకోండి!"

గోడ దగ్గర్నుంచి బుజ్జి పలక పైకెత్తాడు. ఆట మొదలైపోయిందనుకున్నాడు వాడు.

"కాదు మావయ్యా, అది మా ఇల్లు. గిన్నె విసిరేది మా నాన్న."

"నీ మొహం, మా ఇల్లు" అన్నాడు ధనుష్. "మా నాన్నయితే గోడకేసే కొడతాడు."

"మాదే టీచర్! మా అమ్మ కూడా అలాగే కొంగు నోట్లో పెట్టుకుని ఏడుస్తుంది" అంది సరోజ.

పలకలన్నీ లేచాయి. ఒక్కో పలక మీద ఒక్కో ఇంటిపేరు. కిటికీల దగ్గర ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేక తలలు దించుకున్నారు. కోటిలింగం చేతిలోంచి తెడ్డు జారిపోయింది.

"నువ్వు పట్టుకున్నది మన ఇల్లు కాదుటే?" అన్నాడు కూతురితో.

"మన ఇల్లెందుకు పట్టుకుంటాను నాన్నా? అది ఊరందరికీ తెలిసిందేగా! పొద్దున నేను ఎక్కాల ఆట ఆడుకుంటున్నాను."

"కుమారీ, ఇక చాలమ్మా. కూర్చో." టీచర్ గొంతు మొట్టమొదటిసారి వణికింది. మిషను ఆపడానికి వంగింది కానీ బటను ఎక్కడుందో ఆమె వేళ్లకు దొరకలేదు.

కుమారి పెదవి మీద నెత్తురు తుడుచుకుంది. అందరి పలకలూ ఒకసారి చూసి, ఎగిరి గంతేసింది.

"అందరూ తప్పే! నేనే గెలిచాను టీచర్! ఆదివారం అమ్మతో చేపలమ్మడానికి చల్లపల్లి వచ్చినప్పుడు, మూసేసున్న మీ ఇంటి తలుపు దగ్గర పట్టుకున్నాను!"