ఒట్టి కొమ్మల పూలు

కుంపటి దగ్గర చేతులు కాచుకుంటూ పెద్ద మదాం అడిగింది.

“గోడ పక్కన నా పొదను చూశావా?”

పనిమనిషి మహబూబ్బీ ఉలిక్కిపడి కుంపటి వైపు చూసింది. కుంపట్లో కాలుతున్నది అదే.

రియాద్ నుంచి హాయిల్‌లోని ఈ ఇంటికి పనికి మారి వారమైనా కాలేదు. పొద్దున పెరడు ఊడుస్తుంటే ఒక్క ఆకైనా లేని పొద కనబడింది. వాళ్ల రాయచోటిలో అలా ఉంటే చచ్చిన మొక్కే. పట్టుకుంటే ఒక్క లాగుకు వచ్చేసింది. విరిచి కుంపట్లో వేసింది.

“చలికి ఆకులన్నీ రాల్చేస్తుంది. ఆ ఒట్టి కొమ్మల మీదే పూస్తుంది,” అంది మదాం. ఆమెకు చూపు లేదు. “నా కూతురు నాటింది. పిల్ల పోయింది. ఆ వాసన వస్తే అది నా దగ్గరికొచ్చి కూర్చున్నట్టే. ఒక్క పువ్వు తుంచినా ఊరుకోను.”

“అలాగే మదాం.”

తెలిస్తే మదాం కొడుకు దేశం వదిలి పొమ్మనే ఖురూజ్ ముద్ర కొట్టించి విమానం ఎక్కించేస్తాడు. అది సరే. ఈ ముసలితల్లికి ఇక బిడ్డ రాదు.

“పూసిందా?” అని రోజూ అడిగేది మదాం.

“ఇంకా లేదు మదాం.”

ఒక పొద్దున టీ తీసుకెళ్తే గది నిండా వాసన. తేనెలో నిమ్మతొక్క నలిపినట్టు. మదాం ముఖం వెలిగిపోతోంది.

“వచ్చింది! నన్ను తీసుకెళ్లు. కొమ్మను ఒకసారి నిమరాలి.”

“బయట చలి మదాం. కాస్త ఎండ రానీండి.”

మహబూబ్బీ పెరట్లోకి పరుగెత్తింది. గోడ పక్కన ఒట్టి గుంట. వాసన అక్కడే దట్టంగా ఉంది.

కారు తుడుస్తున్న డ్రైవర్ మస్తాన్ వలీ నవ్వాడు. అతనిదీ రాయచోటే.

“ఏమ్మే, అట్టా బిగుసుకపోయినావ్? చలికి గడ్డ కట్టినావా?”

“అన్నా, నీకు వాసన వస్తాండాదా?”

“రాకేం. ప్రతి చలికాలం వచ్చేదే గదా.”

ఆమెకు ఏడుపు ఆగలేదు. “ఆ పొదను నేను పీకి కాల్చేసినాన్నా! మదామేమో కొమ్మ పట్టుకుంటానంటాంది. ఏం జేసేది?”

మస్తాన్ వలీ తుడుపుగుడ్డ పిండి బకెట్ మీద వేశాడు. ఇంటి వైపు ఒకసారి చూశాడు.

“ఏడ్వగాకు. ఇంగో మండ తెచ్చి పాతుతాలే,” అన్నాడు గొంతు తగ్గించి. “నువ్వు కాల్చింది గూడా ఆ యమ్మ చేతికి తగలాలని నేను పాతిన ఎండు దానిమ్మ మండే, అసలు చెట్టు ఆ బిడ్డ పోయిన ఏడే చచ్చిపాయ.”