సగం గడ్డం

గిన్నెలో వేడినీళ్లు చల్లారకముందే గొడుగాయన పెద్దాయన చెంపలకు సబ్బు నురగ పట్టించాడు. మెడ కింద తువ్వాలు సర్ది, తలను తన మోచేతికి ఆనించుకుని, కుడి చెంప నుంచి గీయడం మొదలుపెట్టాడు. శనివారం సాయంత్రం ఆ పని అతనిదే. ఇంకెవరు కత్తి పట్టుకున్నా పెద్దాయన మెడ తిప్పడు.

మంచం పక్కన కూర్చుని పంతులమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చర్చిలో ఆదివారం పిల్లలకు పాఠం చెప్పేది ఆమే కనుక ఇంటా బయటా ఆ పేరే స్థిరపడింది. పెద్దాయన ఆమె తండ్రి. నడుము విరిగి మంచాన పడేవరకూ ఆ చర్చికి ఆయనే పాస్టరు.

పోయినేడాది జోరువానలో చర్చి నుంచి నడిచివస్తున్న ఆయన్ని ఏదో బండి గుద్దేసింది. ఆగకుండా పోయిందని అందరూ అన్నారు. రోడ్డు మీద పడివున్న మనిషికి గొడుగు పట్టి, అంబులెన్సు వచ్చేదాకా కదలకుండా కూర్చున్నవాడు ఇతనొక్కడే. గొడుగాయన అన్న పేరు అలా వచ్చిందే. ఆ తర్వాతా వదిలి వెళ్లలేదు. రోజూ వచ్చి ఆయన్ని లేపి కూర్చోబెడతాడు, పక్కబట్టలు మారుస్తాడు. కడుపున పుట్టినవాళ్లు కూడా ఇంత చెయ్యరని వీధంతా అనుకుంటుంది. అతను మాత్రం ఈ ఇంట్లో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడు. ఎవరైనా మెచ్చుకుంటే తల దించుకుంటాడు. అప్పటిదాకా నడిపిన సామాన్ల వ్యాను కూడా అమ్మేసి, గోదాములో మూటలెత్తే పనికి కుదిరాడు. ఆనాడు చూసిన నెత్తురుకు బండంటేనే బెదురు పట్టుకుందని పంతులమ్మ జాలిపడేది.

ఆ సాయంత్రం గురించి ఎవరెన్నిసార్లు అడిగినా పెద్దాయన చెప్పేవి రెండే మాటలు. వాన, గొడుగు.

పోలీసులు చివరికి ఒక పాలవ్యాను డ్రైవర్ని పట్టుకున్నారు. వ్యాను ముందు సొట్ట ఉంది, ఆ వేళకు ఆ దారినే వెళ్లాడు కూడా. నేను కాదు మొర్రో అంటున్నాడు. సోమవారం కోర్టులో విచారణ. కళ్లారా చూసిన సాక్షి లేకపోతే వాడు తప్పించుకుంటాడని ప్లీడరు అన్న నాటి నుంచీ పంతులమ్మకు కంటిమీద కునుకు లేదు. చూడలేదు చెల్లెమ్మా అంటున్న గొడుగాయన్ని బతిమాలి బామాలి, చూశానని చెప్పడానికి నిన్ననే ఒప్పించింది. దొంగను పట్టించే అబద్ధం అబద్ధం కాదని తనకు తనే సర్దిచెప్పుకుంది. ఆ మాటలు జరిగింది వసారాలో. అవి లోపల మంచం దాకా వినబడ్డాయో లేదో ఆమె చూసుకోలేదు.

రేపటి పాఠం గుర్తొచ్చి తండ్రిని అడిగింది. పిల్లలు ఒకటే పీకుతున్నారట, ప్రభువు ఏదైనా సూటిగా చెప్పకుండా కథలెందుకు చెప్పాడని.

నురగ వెనక పెద్దాయన నవ్వాడు. "నువ్వు తప్పు చేశావని మొహం మీద అన్నావనుకో, వాడు అప్పటికప్పుడు తనకు తనే ప్లీడరైపోతాడు. కథ చెబితే కాసేపు జడ్జీ కుర్చీలో కూర్చుంటాడమ్మా. తీర్పు చెప్పాక కదా, బోనులో ఉన్నదెవరో చూసుకునేది."

"పిల్లలకి బోనులూ జడ్జీలూ ఎందుకుగానీ, వాళ్లకి నచ్చే కథ ఒకటి చెప్పు నాన్నా."

పెద్దాయన కాసేపు కళ్లు మూసుకుని, ఒక కాపరి కథ ఎత్తుకున్నాడు. ఎవరో విసిరిన రాయి తగిలి అతని గొర్రెపిల్ల కాలు విరిగింది. కాపరి ఎవరినీ నిలదీయలేదు. గొర్రెపిల్లను తెచ్చి, నలుగురూ తిరిగే వాకిట్లో కట్టేశాడు. వచ్చేపోయే వాళ్లంతా ఆ కుంటికాలు చూస్తారు. రాయి విసిరినవాడూ చూస్తాడు. చూసి చూసి, ఒకనాటికి తనే నోరు విప్పుతాడని ఆశ.

"విప్పకపోతే?" అంది పంతులమ్మ.

"సంత రోజు దాకా గడువు పెట్టుకున్నాడు. ఆ రోజు జనం ఎవర్నో ఒకర్ని కట్టేసి కొడతారు. ఇంక కాపరే చెప్పక తప్పదు. కానీ కాపరి చెబితే గొడవ మాత్రమే తీరుతుంది. వాడు చెప్పుకుంటే, వాడు కూడా మిగులుతాడు."

పంతులమ్మ చేతిలో చొక్కా మడత చెడిపోయింది.

"నాకర్థమైందిలే నాన్నా. ఆ పాలవ్యాను వాడికి ఇంకా గడువిమ్మంటావు."

"నేను పాలవ్యాను పేరెత్తానా?"

"ఎత్తక్కర్లేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం కాదు వాడు. నీ మంచితనమే నిన్నిలా మంచానికి కట్టేసింది." ఆమె గొడుగాయన వైపు తిరిగింది. "నువ్వే చెప్పన్నయ్యా. ఆ కాపరిది మంచితనమా, చేతకానితనమా?"

గడ్డం మధ్యలో కత్తి ఆగింది.

"కాపరికి మొదట్నించీ తెలుసా, అయ్యగారూ?" అన్నాడతను.

"తెలుసు నాయనా."

గొడుగాయన కత్తి కడిగాడు. తుడిచి, మడిచి, గిన్నె పక్కన పెట్టాడు. పెద్దాయన తలను మెల్లగా దిండు మీదికి దించాడు. ఎడమ చెంప మీద నురగ అలాగే ఉంది. గుమ్మం పక్కన వేలాడుతున్న తన గొడుగు వైపు ఒకసారి చూశాడుగానీ తీసుకోలేదు. పంతులమ్మ పిలుస్తున్నా ఆగకుండా బయటికి నడిచాడు.

"చూశావా, ఉన్న ఒక్క సాక్షినీ నీ కథతో తరిమేశావు," అంటూ ఆమె కిటికీ దగ్గరికి పరుగెత్తింది. అక్కడే నిలబడిపోయింది. "ఇంటికి కాదు నాన్నా, పోలీస్ స్టేషను సందులోకి తిరిగాడు. పాపం, సోమవారం దాకా ఆగలేక ఇవాళే చెప్పేద్దామనుకున్నాడేమో."

"అవునమ్మా, చెప్పడానికే." పెద్దాయన కంటి నుంచి జారిన తడి నురగలో చిన్న గీత గీసింది. "ఆ రోజు నన్ను గుద్దిన బండి ఆగింది."

పంతులమ్మ కిటికీ చువ్వ పట్టుకుంది.

"దిగినవాడి చేతిలో గొడుగుంది."