వరదమ్మ ఆవుల పాలు

చీజ్ కోసం వెచ్చబెట్టిన పాలలో దొర మూతి పెట్టేసింది.

దొర అంటే ఆబోతు. ఆరేళ్ల కిందట ఎటునుంచో పలమనేరు పక్కనున్న ఆ పల్లెకు వచ్చింది. ఎవరిదో తెలియదు. ఎవరి చేలో పడినా నింపాదిగా మేస్తుందని జనం ఆ పేరు పెట్టారు.

సుకుమార్‌కు ఒళ్లు మండిపోయింది. బెంగళూరు ఉద్యోగం వదిలేసి వచ్చి, చీజ్ తయారీ మొదలుపెట్టి అప్పటికి నాలుగు రోజులే.

కట్టె తీసుకున్నాడు. దొర కొమ్ములు ఊపింది. సుకుమార్ గడ్డివామి ఎక్కాడు.

దిగీ దిగగానే పశువుల డాక్టరును పిలిపించి, తానే కాగితం మీద సంతకం పెట్టి, దొరకు విత్తు కొట్టించి ఆబోతును ఎద్దుగా మార్పించాడు.

దొర పొగరు అణిగింది.

అణగనిది పాల గొడవే. మునస్వామి రోజూ ఒంటెద్దు బండిలో మూడు పల్లెల పాలు తెచ్చి పోస్తాడు. సుకుమార్ గడ్డకట్టే మందు కలుపుతాడు. అది పలుచటి పెరుగులా జారిపోతుంది. ఎనిమిది నెలలుగా ఇదే తంతు. నెలాఖరులోగా గట్టి చీజ్ పంపకపోతే వేరేచోట చూసుకుంటామని బెంగళూరు హోటల్ వాళ్లు చెప్పేశారు. వాళ్లు పోతే ఇక తలుపులు మూసుకోవడమే.

“జున్నుకు ఇంత తంటా ఎందుకప్పా?” అని మునస్వామి భార్య వరదమ్మ జాలిపడింది.

చివరికి తిరుపతి నుంచి పాల శాస్త్రం చదివిన పవిత్ర వచ్చింది. ఇంటింటి పాలూ వేరువేరు గిన్నెల్లో పోసి, మందు కలిపి చూసింది. వరదమ్మ మూడు ఆవుల పాలు మాత్రం కత్తి పెడితే ముక్కలుగా తెగాయి.

పవిత్ర ఆ మూడింటివీ, వాటి తల్లులవీ తోక వెంట్రుకలు పీకి సంచిలో వేసుకుంది.

“తిరపతోళ్లు ఆవులకు గూడా గుండు కొట్టను వచ్చినారా?” అని వరదమ్మ నవ్వింది.

రెండు వారాలకు జవాబు వచ్చింది. పాలలో కప్పా కేసీన్ అని ఒక ప్రోటీన్ ఉంటుందట. అందులో బి రకం ఉంటే గడ్డ గట్టిగా కడుతుందట. అది మేతతో రాదు, పుట్టుకతో రావాల్సిందే. తల్లుల్లో ఆ రకం లేదు. మూడింటికీ తండ్రి నుంచే వచ్చింది.

ఈ నెలకు వరదమ్మ పాలతో నెట్టుకురమ్మని పవిత్ర చెప్పింది. ఆ ఆబోతు ఒక్కటి దొరికితే నాలుగేళ్లలో ఊరంతా ఇవే పాలు అంది.

సుకుమార్‌కు ప్రాణం లేచి వచ్చింది. ఆవులకు చూలు కట్టడానికి సూది వేయించిన చీటీ ఏదైనా ఉందా అని వరదమ్మను అడిగాడు.

“సూది యాడిది సార్? మా ఆవులు సూది మొగమే సూళ్లేదు.”

“మరి వాటి నాయన యాడుండాడమ్మా? కాళ్లు పట్టుకోనైనా తెచ్చుకుంటా.”

వరదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మునస్వామి పాల క్యాన్లు దించి, బండికి కట్టిన ఎద్దు మెడ నిమిరాడు.

“ఈయప్పే సార్, మీరు సంతకం పెట్టి విత్తు కొట్టించిన దొర.”