తెల్లరాళ్ల గుర్తు

ఇరాక్ కువైట్‌ను ఆక్రమించిన రోజులవి. అక్కడి కబ్ద్ ఎడారిలో మేం జీపు ఆపలేదని ఇరాక్ సైనికులు కాల్చారు. గంగాధరన్న కడుపులో తూటా దిగింది.

విమానంలోంచి నేలను ఫోటోలు తీసి పటాలు గీసే కాంట్రాక్టు ఆయనది. ఆ ఫోటోల్లో చోటు ఆనవాలు తెలియడానికి, ఎడారంతా తెల్లరాళ్లను కూడిక గుర్తులా పేర్చే పని నాది.

"ఓర్చుకోన్నా, ఆస్పత్రికి పోదాం."

"యాడికి పోతాంలేప్పా. అందరి జాగాలూ పటంలోకి ఎక్కిస్తి. నన్నూ ఎక్కియ్యి. నా మీద గుర్తు పెట్టు. విమానానికి కనబడితే మునిలక్ష్మికి చూపిద్దువు."

నవ్వబోయాడు. అంతే.

ఇసుకలో పూడ్చి, పైన తెల్లరాళ్లు పేర్చాను. ఆయన నేర్పినట్టే, అంగుళం తేడా లేకుండా.

యుద్ధం ముగిశాక విమానం మళ్లీ తిరిగింది. బతిమాలి ఒక ఫోటో తెచ్చుకున్నాను. ఊరికి పోయి, ఆయన భార్య మునిలక్ష్మి ముందు పెట్టాను. ఆమె కళ్లకు దగ్గరగా పట్టుకుని చూసింది.

"ఇన్ని గుర్తులుండాయే! మా ఆయన యాడుండాడన్నా?"

అన్నీ నేను పేర్చినవే. అన్నీ ఒకే కొలత. ఫోటో చూసి ఏది ఎక్కడిదో చెప్పగలిగిన మనిషి ఒక్కడే. ఆయన వాటిలో ఒకదాని కింద ఉన్నాడు.